పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందా? ఇంజెక్టర్లు విప్పించే ముందు ఇవి చూడండి

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసి, టైర్ల సైజు పెంచి, ముందు ఇనుప బంపర్, పైన క్యారేజీ బిగించాక లీటరుకి 12 ఇచ్చే థార్ 10కి దిగడం, 11 ఇచ్చే బొలేరో 9కి దిగడం మామూలే. మామూలు కానిది ఆ తర్వాత జరిగేది. నేరుగా మెకానిక్ దగ్గరికెళ్లి ఇంజెక్టర్లు తీయించడం, టర్బో మీద అనుమానం, చివరికి "రీమ్యాప్ చేయిద్దాం" అంటూ ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్పించే దాకా పోవడం. నూటికి తొంభై బళ్లలో ఇంజను జోలికి వెళ్లే పనే ఉండదు. తేడా టైర్ల దగ్గర, మీటరు దగ్గర, నడిపే కాలి దగ్గర ఉంటుంది.

బీచ్‌కి వెళ్లొచ్చాక బండి బరువుగా లాగుతోంది

గాలి. ముందు గాలి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా దాటేసేది ఇదొక్కటే.

మైపాడు, కొత్తపట్నం ఇసుకలో దిగడానికి 16 – 18 పీఎస్ఐకి దించుతారు, అది సరైన పనే. తిరిగొచ్చేటప్పుడు "ఊళ్లో కొట్టిద్దాంలే" అని అదే గాలితో తారురోడ్డెక్కుతారు. ఊళ్లో పంక్చర్ షాపు మూసేసి ఉంటుంది, మర్నాడు మర్చిపోతారు, వారం గడిచిపోతుంది. మడ్ టైరుకి పక్కగోడలు గట్టివి కాబట్టి 20లో ఉన్నా కంటికి కుంగినట్టు కనపడదు. తన్ని చూస్తే అసలే తెలియదు.

గేజు సొంతంగా కొనుక్కోండి. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. మే నెల మధ్యాహ్నం హైవే మీద నడిపి వచ్చి చూస్తే 4, 5 పాయింట్లు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. డోరు దగ్గరి స్టిక్కర్ మీద అంకె కంపెనీ సైజు టైరుకి రాసింది. సైజు మారితే సుద్దముక్కతో చూసుకోవాలి. టైరు నేలకి ఆనే మేర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మందంగా సుద్దగీత గీసి, తిన్నటి రోడ్డు మీద 50 మీటర్లు నేరుగా నడిపి దిగి చూడండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ. రెండంచులూ చెరిగి మధ్యలో సుద్ద మిగిలితే తక్కువ. మొత్తం సమంగా చెరిగే దాకా రెండేసి పాయింట్లు మార్చండి. వచ్చిన అంకె ఆ టైరుకి, ఆ బరువుకి సరిపోయింది. వెనక సామాను నింపి వెళ్లే రోజు వెనక టైర్లకి మళ్లీ చూసుకోవాలి.

సిగరెట్ సాకెట్‌కి కాకుండా బ్యాటరీకే క్లిప్పులు పెట్టే కంప్రెసర్ ఒకటి బండిలో ఉంటే ఇసుక దాటిన చోటే గాలి నింపుకోవచ్చు.

గాలి సరిగ్గానే ఉంది, అయినా లెక్క వేస్తే మైలేజీ తక్కువ వస్తోంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది కాబట్టి నింపాదిగా చదవండి.

మీటరు కిలోమీటర్లను కొలవదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కంపెనీ టైరు చుట్టుకొలతతో హెచ్చిస్తుంది. టైరు పెద్దదైతే ఒక చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. 245/75 ఆర్16 టైరు వ్యాసం 774 మిల్లీమీటర్లు. దాని బదులు 285/70 ఆర్17 వేస్తే 831. తేడా 7 శాతం పైనే. బొలేరోకి 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేసినా 4 శాతం తేడా వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ట్యాంకు నింపి తిరిగారు, మీటరు 420 కిలోమీటర్లు చూపింది, మళ్లీ నింపితే 42 లీటర్లు పట్టింది. మైలేజీ 10 అనుకున్నారు. బండి నిజానికి తిరిగింది 450. అసలు మైలేజీ 10.7. ముందు 12 వచ్చేది కాబట్టి పోయింది 2 కాదు, 1.3. ఆ 1.3లో బరువైన టైర్లు, ఎత్తు, బంపర్ వాటా ఎటూ ఉంటుంది. లేని జబ్బుకి ఇంజెక్టర్ల బిల్లు కట్టేది ఇక్కడే.

రెండో దెబ్బ నిజమైంది. మీటర్లో 90 చూస్తూ వెళ్లడం అలవాటైన కాలు ఇప్పుడూ అదే 90 దగ్గర ఆగుతుంది. బండి మాత్రం మునుపటి కంటే 7 శాతం వేగంగా పోతోంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, 1.07ని 1.07తో హెచ్చిస్తే 1.15. అంటే మీ కాలు ఏమీ మార్చకుండానే గాలిని చీల్చే పని 15 శాతం పెరిగింది. ఇటుకలా నిలువుగా ఉండే బండికి, పైగా లిఫ్ట్ చేసిన బండికి, హైవే మీద డీజిల్ ఎక్కువగా పోయేది గాలిని నెట్టడానికే.

మూడోది కూడా ఉంది, గేర్లు. మీటర్లో 50 ఉన్నప్పుడు ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) పాతదే చూపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. కానీ టైరు పెద్దదైనంత మేర నేలని నెట్టే బలం తగ్గింది. పాత అలవాటుతో 50 దాటగానే ఐదో గేరు వేస్తే ఇంజను మూలుగుతుంది, కాలు సగానికి పైగా దిగుతుంది, అద్దంలో నల్లటి పొగ కనిపిస్తుంది. కొత్త థార్ 2.2 డీజిల్‌కి పూర్తి టార్క్ (ఇంజను తిప్పే బలం) 1600 నుంచి 2800 ఆర్‌పీఎం మధ్య, పాత థార్ సీఆర్‌డీఈకి 1800 – 2000 దగ్గర. దానికి కింద టర్బో సరిగ్గా గాలి ఇవ్వదు, పోసిన డీజిల్ పూర్తిగా పనికి రాదు.

సరిచేసుకునే పద్ధతి:

ముందు మీ బండికి తేడా ఎంతో కొలవండి. జాతీయ రహదారి 16 మీద కావలి దగ్గర ముసునూరు టోల్‌గేటు దాటాక ఒక కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఒంగోలు వైపు 50 రాళ్లు లెక్కపెట్టండి. ఫోన్‌లో జీపీఎస్ యాప్ కూడా నడుస్తూ ఉండాలి. రాళ్లూ జీపీఎస్సూ ఒకటే చెప్పి, మీటరు 46.6 చూపిస్తే, 50ని 46.6తో భాగించండి, 1.073. ఇకమీదట ట్రిప్ మీటరు అంకెని దీంతో హెచ్చించాకే మైలేజీ లెక్క.

స్పీడు వేరేగా చూడాలి. స్పీడోమీటరు ఉన్నదానికంటే తక్కువ చూపకూడదు కాబట్టి కంపెనీలు దాన్ని కాస్త ఎక్కువ చూపేలానే పెడతాయి, అందుకే దూరంలో వచ్చిన తేడా స్పీడులో అంతే రాదు. పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి మీటర్లో 40, 60, 80 దగ్గర జీపీఎస్ అంకె రాయించండి. ఆ మూడూ తెల్ల టేపు మీద రాసి డాష్‌బోర్డు మీద అంటించండి. హైవే మీద జీపీఎస్ ప్రకారం 75 – 80 దాటకుండా పట్టుకుంటే తేడా మొదటి ట్యాంకులోనే తెలుస్తుంది.

గేర్లకి సూత్రం ఒకటే. చదును రోడ్డు మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే 1400 ఆర్‌పీఎంలో ఉన్నా ఇబ్బంది లేదు. ఎత్తు వచ్చి, ఓవర్‌టేక్ వచ్చి కాలు సగం దాటుతోందంటే కాలు ఇంకా నొక్కకండి, గేరు దించండి.

ట్యాంకు నింపే తీరు కూడా మారాలి. ఒకే బంకు, ఒకే నాజిల్, బండి సమంగా ఉన్న చోట, మొదటి కటాఫ్ దగ్గరే ఆపించండి. "రౌండ్ ఫిగర్ చేయమంటారా" అంటే వద్దనండి. 300 కిలోమీటర్లకి తక్కువ తిరిగి లెక్క వేస్తే ఆ అంకెకి అర్థం లేదు.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసినా మైలేజీ పెరగడం లేదు

పెరగదు. దోర్నాల వైపు శ్రీశైలం ఘాట్ దిగుతూ న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి మానండి. గేరులో ఉంచి కాలు పూర్తిగా తీసేస్తే చక్రాలే ఇంజనుని తిప్పుతాయి, ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి. న్యూట్రల్ చేస్తే ఐడిలింగ్‌కి డీజిల్ పోస్తూనే ఉండాలి. పైగా బరువు పెంచిన బండికి ఇంజను పట్టు లేక బ్రేకులు కాలిపోయి, కావాల్సిన మలుపులో పట్టవు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.

ఒక చక్రం వేడిగా ఉంటోంది

ఉప్పునీళ్ల పక్కన, రొయ్యల గుంటల కట్టల మీద తిరిగే బళ్లకి క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. ప్యాడ్ డిస్క్‌ని వదలదు. పది కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడి నడిపి, ఆగి, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి చూడండి, ముట్టుకోకండి. ఎడమకీ కుడికీ తేడా తెలిసిందంటే దొరికినట్టే. పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజే పెట్టించండి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూట్లు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి. ఇసుక నుంచి వచ్చాక మంచినీళ్లతో చక్రాల లోపల కడిగితే ఈ బాధ చాలామటుకు రాదు.

లిఫ్ట్ చేయించాక స్టీరింగ్ ఒక పక్కకి ఉంటోంది

అలైన్‌మెంట్ చేయించలేదు. ముందు టైరు మీద అరచెయ్యి అడ్డంగా లోపలికి, బయటికి రాయండి. ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా గరుగ్గా తగిలితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది, టైరు రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతోంది. డీజిలూ పోతుంది, టైరూ పోతుంది.

తారు మీద మలుపు తిప్పితే టైర్లు కీచుమంటున్నాయి

లివరు 4 హెచ్‌లోనే (నాలుగు చక్రాలకీ ఇంజను బలం వెళ్లే స్థానం) ఉంది. 2 హెచ్‌కి (రెండు చక్రాలకే) మార్చండి. మారకపోతే నేరుగా పది అడుగులు రివర్స్ వస్తే వదులుతుంది.

మిగతావి

ఖాళీ క్యారేజీ విప్పేయండి, వారానికోసారి వాడేదైనా సరే. వించ్, హైలిఫ్ట్ జాక్, నిండు క్యాన్లు అడవికి వెళ్లే రోజే ఎక్కించండి. ఎయిర్ ఫిల్టరు చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బళ్లకి పుస్తకంలో రాసినదానికి సగం దూరంలోనే మార్చాలి. బీఎస్6 బండి రోజూ రెండు కిలోమీటర్లే తిరుగుతుంటే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు)లో చేరిన మసి కాల్చుకోవడానికి డీజిల్ తాగుతుంది, వారానికోసారి హైవే మీద అరగంట నడిపితే సరి. ఇంజెక్టర్లు, టర్బో, ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజనులోకి పంపే వాల్వు) అన్నిటికంటే చివర్న, అదీ పొగ, పికప్ తేడా, స్టార్టింగ్ ఇబ్బంది ఏదో ఒకటి కనబడితేనే. ట్యాంకు కిందో పైపుల జాయింట్ల దగ్గరో డీజిల్ తడి కనిపిస్తే మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి, బండి నడపకుండా మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి.