పాత కార్టూన్ల బడి - 4వ పాఠం: మనిషిని ఏ పనిలో పెట్టాలి?

పోయిన పాఠంలో ముఖం గీయడం నేర్చుకున్నాం. పొడుగు ముక్కును ఇంకాస్త లాగడం, చిన్న గడ్డాన్ని దాదాపు మాయం చేయడం. ఈపాటికి మీ నోటు పుస్తకంలో పదిపదిహేను ముఖాలు చేరి ఉంటాయి. అవి నవ్విస్తాయి, కానీ ఆ మనిషి గురించి ఏమీ చెప్పవు. చెప్పాలంటే అతన్ని ఒక చోట నిలబెట్టి, చేతికి ఒక పని ఇవ్వాలి. పాతకాలపు చిత్రకారుల బలమంతా అక్కడే ఉంది. దాన్ని ఉపమానం అందాం.

ఒక బొమ్మ దగ్గర నిదానంగా కూర్చుందాం. 1890 మార్చి 29న లండన్ హాస్య వారపత్రిక పంచ్‌లో జాన్ టెనియల్ వేసింది. పెద్ద ఓడ, దాని పక్కన మెట్లు. ఒక ముసలాయన ఓడ గోడకు చెయ్యి ఆనించి దిగిపోతున్నాడు. పైన కిరీటం పెట్టుకున్న యువకుడు కమ్మీ మీద వాలి చూస్తున్నాడు. దిగుతున్నది జర్మనీ చాన్సలర్, అంటే ప్రధానమంత్రి, బిస్మార్క్; చూస్తున్నది జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్. ఒకరికి 74 ఏళ్లు, మరొకరికి 31. ఆ నెలలోనే చక్రవర్తి ఆయన చేత రాజీనామా చేయించాడు. బొమ్మ కింద పేరు: పైలట్‌ను దించేయడం.

ఈ పైలట్ అంటే రేవులో ఇసుకమేటలు ఎక్కడున్నాయో ఎరిగి, పెద్ద ఓడను లోతు నీళ్లలోకి దాటించి దిగిపోయే మనిషి. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద వశిష్ఠ దాటినవాళ్లకి ఇంతకంటే వివరించక్కర్లేదు. పైకి నీళ్లన్నీ ఒకలాగే ఉంటాయి. అడుగున మేట ఎక్కడుందో పంటు నడిపే సరంగుకి తెలుసు. నేను ఈ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు జర్మనీ చరిత్ర నాకేమీ తెలియదు. అయినా గుండె కలుక్కుమంది. సరంగు దిగిపోతే పంటులో ఉన్నవాళ్ల గతేమిటన్న ఆలోచన ముందు వచ్చింది, బిస్మార్క్ ఎవరన్నది తర్వాత తెలుసుకున్నాను.

ఇప్పుడు బొమ్మ పేరును అరచేత్తో మూసి చూడండి. ముఖాలను టెనియల్ పెద్దగా వక్రం చెయ్యలేదు. అధికారం ఉన్నవాడు పైన ఉన్నాడు, కానీ నడుము దాకానే కనిపిస్తాడు. అధికారం పోయినవాడు కింద ఉన్నాడు, అయితే నిలువెత్తు మనిషి, మన కళ్లకు దగ్గరగా ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఓడ గోడ, దాని మీద బొమ్మలూ లేవు, రాతలూ లేవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ ఖాళీని నింపాలని ఆరాటపడతారు. దయచేసి నింపకండి. వాళ్లిద్దరి మధ్య పెరిగిన దూరం ఆ ఖాళీలోనే తెలుస్తుంది.

ఇంత తేటగా ఉండటానికి పని పద్ధతి కూడా కారణం. బుధవారం రాత్రి పంచ్ బృందం భోజనాల దగ్గర విషయం తేలేది. గురువారం టెనియల్ ఆలోచించి చిత్తు గీసుకునేవాడు. శుక్రవారం పొద్దస్తమానం అసలు బొమ్మ. దాన్ని గట్టి చెక్క దిమ్మె మీద వేరే పనివాళ్లు ఉలితో చెక్కేవారు. ఇంకొకరి ఉలికి అప్పగించే గీతలో తడబాటు ఉంటే కుదరదు. మీరూ పెన్సిల్ వదిలి నేరుగా సిరాతో గీసి చూడండి, అనవసరమైనవి వాటంతటవే రాలిపోతాయి.

మరో ఉపమానం జేమ్స్ గిల్‌రేది, 1805. బల్లకి అటు బ్రిటిష్ ప్రధాని పిట్, ఇటు నెపోలియన్. మధ్యలో పళ్లెంలో పుడ్డింగులా భూగోళం. చెరో ముక్కా కోసుకుంటున్నారు. దీన్ని మన బల్ల మీదికి తెద్దాం. పూతరేకు పెడితే? పెళుసుది, పట్టుకుంటే విరుగుతుంది. పంపకం అన్న భావం నిలవదు. పనసకాయ పెట్టండి. కోసేవాడు చేతికి నూనె రాసుకోకపోతే జిగురు అంటుకుని వదలదు. ఇప్పుడు పంచుకునేవాడి చేతికి అంటే మరక కూడా బొమ్మలోకి వచ్చింది, గిల్‌రే బొమ్మలో లేని అర్థం పుట్టింది. ఊరి వస్తువును ఎంచుకోమని నేను పదేపదే అనేది ఇందుకే. పాఠకుడి చేతులకు ఆ వస్తువు ముందే తెలుసు.

మన గడ్డకి ఈ పని కొత్తదేమీ కాదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రికకి తోడుగా హాస్యసంజీవని నడిపి అధికారుల లంచగొండితనాన్ని, పెద్దమనుషుల తీరును మాటలతో ఎండగట్టారు. నర్సాపురంలో 1933లో పుట్టిన బాపు ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూన్లు వేశారు.

ఇక మీ పని. విషయం: శివారు పొలం రైతు పెట్టుకున్న అర్జీ ఆఫీసుల్లో కదలకపోవడం. ఉపమానం నేనే ఇస్తాను, కాలువ లాకు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపు మూస్తారు, లోపలి నీళ్లు అవతలి నీటిమట్టంతో సమం అయ్యేదాకా ముందు తలుపు తెరవరు. అర్జీని కాగితప్పడవ చేసి ఆ రెండు తలుపుల మధ్య పెట్టండి. లాకు తిప్పే లస్కరును ఎక్కడ నిలబెడతారు? అతని చూపు పడవ మీద ఉందా, ఇంకెటైనా ఉందా? రైతు గట్టు మీద ఉన్నాడా, పడవలోనే ఉన్నాడా? ఈ మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులతో మూడు బొమ్మలు గీయండి. అక్షరాలు రెండు చోట్లకు మించి రాయకండి. పాతవాళ్లలో చాలామంది ప్రతి వస్తువు మీదా పేరు రాసేవారు. ఆ అలవాటు నాకు నచ్చదు, పేర్లు పెరిగేకొద్దీ ఉపమానం నిలవలేదని తెలిసిపోతుంది.

గీశాక చదువు రాని ఒక పెద్దావిడకి చూపించి, ఏం జరుగుతోందో చెప్పమనండి. మధ్యలో మీరు నోరు విప్పకూడదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే బొమ్మ వెనక రాసుకుని దాచండి. వచ్చే పాఠంలో గీతల అల్లిక మొదలుపెట్టేటప్పుడు ఆ మూడు కాగితాలూ ముందు పెట్టుకుని కూర్చోండి.