గుంతలో వేసిన ప్యాచ్ ఎందుకు లేచిపోతుంది? సమస్య – పరిష్కారం

ప్లాస్టిక్ కలిపిన మిశ్రమం, స్టీలు స్లాగు (ఉక్కు తయారీలో మిగిలే చిట్టెం), ఎమల్షన్‌తో (నీళ్ళలో కలిపిన తారుతో) వేడి చేయకుండా చేసే కోల్డ్ మిక్స్... గుంతలు పూడ్చడానికి ఇవన్నీ తారు, కంకర ఆదా చేసే మంచి సామానే. కానీ అదే గుంతను ఏడాదికి మూడుసార్లు పూడిస్తే మిగిల్చిన తారు, కంకర అంతా మళ్ళీ అక్కడే పోసినట్టు. కొత్త సామాను తెప్పించే ముందు పాత ప్యాచ్ ఎలా చెడిందో చూడండి.

సమస్య: ప్యాచ్ అట్టలా ఊడి వచ్చింది

ఊడిన ముక్కను తిరగేయండి. అడుగున దుమ్ము, మట్టి అంటుకుని ఉంటే ట్యాక్ కోటు (మిశ్రమం అతుక్కోవడానికి ముందుగా పూసే పలచని తారు పూత) వేయలేదు, లేదా దుమ్ము ఊడ్వకుండా వేశారు.

పరిష్కారం: గుంత చుట్టూ గట్టి రోడ్డులోకి 5–10 సెం.మీ. కలుపుకుని చదరంగా గీసి, అంచులు నిలువుగా కోయండి. పలచని అంచు వదిలితే మొదట విరిగేది అదే. నీళ్ళు తోడి, దుమ్ము పూర్తిగా ఊడ్చి, ట్యాక్ కోటుగా ఆర్‌ఎస్-1 రకం ఎమల్షన్‌ను చదరపు మీటరుకు 250 గ్రాముల లెక్కన అడుగుకీ నాలుగు గోడలకీ పూయండి. పూసినప్పుడు కాఫీ రంగులో ఉంటుంది, నీరు విడిపోయాక నల్లబడుతుంది. నల్లబడక ముందే మిశ్రమం పోస్తే ఆ నీరు లోపలే చిక్కుకుంటుంది. ఎక్కువ పోసినా ముప్పే, అడుగున మడుగు కట్టి ప్యాచ్ జారుతుంది.

సమస్య: నెల తిరక్కుండానే గిన్నెలా కుంగింది

కారణం దిమ్మిస చాలకపోవడం. ‘బండ్లు తిరిగితే అదే అణుగుతుంది’ అని వదిలేయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. బండి చక్రం నడిమధ్యను తొక్కుతుంది, అంచులు వదులుగానే ఉండి నీళ్ళు తాగుతాయి.

పరిష్కారం: 60×60 సెం.మీ. గుంత, 5 సెం.మీ. లోతు అనుకుంటే అణిగాక సుమారు 41 కిలోల మిశ్రమం పడుతుంది. అంటే 25 కిలోల సంచులు రెండు తెచ్చుకోవాలి. పోసేటప్పుడు ఎత్తు పావు వంతు ఎక్కువ, దాదాపు 6.3 సెం.మీ. ఉండాలి. లోతు 7.5 సెం.మీ. దాటితే రెండు పొరలుగా వేయండి. కోల్డ్ మిక్స్‌లో ఇది మరీ ముఖ్యం, మందంగా పోస్తే లోపలి తేమ బయటికి రాదు. ప్లేట్ కాంపాక్టర్‌ను (అదురుతూ దిమ్మిస చేసే యంత్రాన్ని) అంచుల నుంచి మధ్యకు నడపండి. చివరికి ప్యాచ్ పాత రోడ్డు కన్నా 5 మి.మీ. ఎత్తులో ఉంటే చాలు.

సమస్య: కంకర రాలుతోంది

రాలిన రాయి కడిగినట్టు తెల్లగా ఉంటే నీరు తారును ఒలిచేసింది. గ్రానైట్ కంకరతో ఈ ఇబ్బంది ఎక్కువ. మిశ్రమంలో 2 శాతం తడిపి చల్లార్చిన సున్నం పొడి కలిపితే తారు పట్టు పెరుగుతుంది. రాయి నల్లగానే ఉండి విడిపోతే హాట్ మిక్స్ (వేడిగా కలిపి వేసే తారు మిశ్రమం) చల్లారాక తొక్కించారు. 100 డిగ్రీల లోపుకు దిగకముందే తొక్కడం పూర్తవ్వాలి, లారీ మీద టార్పాలిన్ తప్పనిసరి.

ప్లాస్టిక్ వాడేటప్పుడు మదురైలో రసాయన శాస్త్ర ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ రూపొందించిన పొడి పద్ధతి నమ్మదగినది. 160–170 డిగ్రీల వేడి కంకర మీద ముందు ప్లాస్టిక్ తురుము చల్లి, తర్వాత తారు పోస్తారు. తురుము తారు బరువులో 6–8 శాతం. తారు పోయకముందు రాళ్ళు నూనె రాసినట్టు మెరవాలి. కరగని తునకలు కనిపిస్తే వేడి చాలలేదు. పీవీసీ ఒక్క ముక్క కూడా పడనివ్వకండి, వేడికి ఆమ్ల వాయువు వదులుతుంది.

సమస్య: స్లాగు ప్యాచ్ ఉబ్బి పగిలింది

స్లాగులో మిగిలిన సున్నం తేమకు పొంగింది. ఆరుబయట తడిపి మాగబెట్టిన, పరీక్షించిన స్లాగునే తీసుకోండి.

సమస్య: ఎన్నిసార్లు వేసినా అక్కడే గుంత

ఇక్కడ సామాను మార్చి లాభం లేదు. బండి వెళ్ళినప్పుడు పగుళ్ళలోంచి బురద నీరు చిమ్ముతుంటే కింది పొర పోయిందన్నమాట. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే. మెత్తబడిన మట్టి అంతా తీసి, వెట్ మిక్స్ (నీళ్ళతో కలిపిన) కంకర పొరలుగా నింపి తొక్కించాకే పైన తారు వేయాలి. రోడ్డు వాలు మీటరుకు 2.5 సెం.మీ. ఉందో లేదో చూసుకోండి. పక్కన పేరుకున్న మట్టి గట్టును చెక్కి, నీళ్ళు సైడు కాలువలోకి దారి పట్టేలా చేయండి. ఈ పని ప్యాచ్ వేసే రోజే, అదే మనుషులతో అయిపోవాలి.