పీడకలలు పదేపదే వస్తున్నాయా? కలను తిరగరాయడం ఎలా?

ముందు మీకు వచ్చేది పీడకలేనా అన్నది తేల్చుకోండి. తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచాక కల గుర్తుంటే పీడకలే. పడుకున్న కాసేపటికే కేకలు వేసి, పొద్దున ఏమీ గుర్తులేకపోతే అది వేరే జబ్బు. నిద్రలో చేతులు విసిరి పక్కవాళ్లను కొట్టేవాళ్లు, గురకల మధ్య ఊపిరి ఆగేవాళ్లు డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. ప్రొప్రనోలాల్ లాంటి మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా పీడకలలు తెస్తాయి. సొంతంగా మానేయకుండా రాసిచ్చినవారిని అడగండి.

పద్ధతి ఇదే: పీడకల కథను మెలకువలో మార్చి రాసి, ఆ కొత్త కథనే రోజూ మనసులో చూసుకోవడం. కావలసింది నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో రాయకూడదు. పగటిపూటే రాయాలి. ఒడిశాలోని మన పర్లాకిమిడిలో ఆఫీసు ఒడియాలో, ఇల్లు తెలుగులో నడుస్తాయి కదా, కల ఏ భాషలో వస్తే అందులోనే రాయండి.

ఏ కలతో మొదలుపెట్టాలన్న దగ్గరే అందరూ చెడగొడతారు. 2018 తిత్లీ తుపాను చూసినవాళ్లు నేరుగా కొండ విరిగిపడే కలనే ఎత్తుకుంటారు. వద్దు! గుణుపురం రైలు తప్పిపోయే కల లాంటి మోస్తరు దానితో మొదలుపెట్టండి.

తర్వాత కథ మార్చాలి, అదీ భయం ముదరకముందే. కలలో మహేంద్రతనయ నది నీళ్లు గుమ్మం ఎక్కుతున్నాయనుకోండి. నీళ్లతో యుద్ధం చేయొద్దు, కొట్లాట పెట్టిన కథ అంతగా పనిచేయకపోవచ్చు. నీళ్లు రెండో మెట్టు దగ్గరే ఆగాయి, చీపురుతో వాకిట్లోకి నెట్టేసి అరుగు కడిగాను, అని రాయండి చాలు. నమ్మేలా ఉండక్కర్లేదు, మీ మనసుకు నచ్చితే సరి.

ఇక రోజూ 10 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకుని కొత్త కలనే చూసుకోవాలి. పాత కలను మళ్లీ చదివారో, భయాన్నే సాధన చేసినట్టు. మెలకువగా ఉన్నప్పుడు మీకు వీలైన వేళ చేయండి. వారానికి రెండు కలలకు మించి మార్చొద్దు. రెండు రోజులు చేసి "ఏం లాభం లేదండీ" అనేవాళ్లకు నా దగ్గర ఓపిక లేదు. దీనికి వారాలు పడుతుంది.

దిండు కింద కత్తి, తాయెత్తు మీ ఇష్టం, వాటితో గొడవ లేదు. మందు తాగి పడుకోవడమే అసలు తప్పు: మొదటి సగం రాత్రి కలల నిద్రను అణిచేస్తుంది, తెల్లవారుజామున అది బలంగా తిరగబడుతుంది. ఈ తిరగరాసే పద్ధతిని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2018లో సిఫారసు చేసింది.

నిజంగా జరిగిన ఘోరమే కలగా వస్తుంటే ఒంటరిగా చేయొద్దు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగానికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. చావాలనిపిస్తే మాత్రం నోటుబుక్కు పక్కనపెట్టి ఆ క్షణమే ఫోన్ చేయాలి.