బడి రిజిస్టర్లో కులం తప్పుగా పడిందా? దిద్దించుకోవడం ఇలా

విజయనగరం జిల్లాలో మా చీపురుపల్లి వైపు ఎవరినైనా కులం అడగండి, "కాపులమండి" అంటారు, అంతే. కొడుకుని ఒకటో తరగతిలో చేర్పించినప్పుడు మా అన్నయ్యా అదే అన్నాడు, మాస్టారు "కాపు" అనే రాసుకున్నారు. తూర్పు కాపు అయితే బీసీ-డి, ఉత్త కాపు అయితే ఓసీ. "తూర్పు" అన్న ఒక్క మాట ఎగిరిపోయి మావాడు తొమ్మిదేళ్లు ఓసీగా చదివాడు! కొప్పుల వెలమ వాళ్లకీ ఇదే గొడవ, రిజిస్టర్లో ఉత్త "వెలమ" అని ఉంటుంది.

అసలు అడక్కుండా ఇంటిపేరు చూసి గడి నింపేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ఘోరం. బడి పిల్లల వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ రికార్డు యూడైస్ ప్లస్‌లో సామాజిక వర్గం అన్నచోట జనరల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని నాలుగే ఉంటాయి, కాబట్టి అడ్మిషన్ రిజిస్టర్లో కులం పేరు పూర్తిగా లేకపోతే పిల్లది సవర తెగో జాతాపు తెగో ఆ నాలుగు గళ్లు చూసి ఎవరూ చెప్పలేరు.

ముందు కుల ధ్రువీకరణ పత్రం తెచ్చుకోండి. గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు ఇవ్వాలి. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల స్టడీ సర్టిఫికెట్ పట్టుకెళ్లండి, అన్నిటికంటే పనికొచ్చేది తండ్రిదో, తండ్రి తరఫు దగ్గరి బంధువులదో పాత కుల పత్రం. ఆధార్‌లో కులం ఉండదు, అదొక్కటే చూపిస్తే పని జరగదు. వీఆర్వో, ఆర్ఐ విచారణ చేశాక తహసీల్దారు ఇస్తారు, కొన్ని ఎస్టీ తెగలకు మాత్రం ఆర్డీవో ఇవ్వాలి. విచారణకొచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఉండేలా చూసుకోండి, ఆ "కాపులమండి" అలవాటు మాత్రం ఆ రోజు వద్దు, పూర్తి పేరు చెప్పమనండి.

పత్రం చేతికొచ్చాక తెల్లకాగితం మీద అర్జీ రాసి, జిరాక్సు జతచేసి హెడ్మాస్టారుకి ఇవ్వండి. ఆయన రిజిస్టర్లో దిద్ది సంతకం, తేదీ వేయాలి. ఆన్‌లైన్‌లో మార్చామంటే సరేనని వచ్చేయకండి, స్క్రీన్ మీద చూపించమనండి, మావాడికి రిజిస్టర్లో దిద్దినా ఆన్‌లైన్‌లో పాతదే ఉండిపోయింది, మళ్లీ తిరగాల్సొచ్చింది. ఇదంతా పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) వెళ్లేలోపే అయిపోవాలి, తర్వాతైతే టెన్షనే.

తహసీల్దారు కాదన్నారనుకోండి, కారణం రాతపూర్వకంగా తీసుకుని పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. లేని కులం రాయించుకుంటే మాత్రం 1993 నాటి కుల పత్రాల చట్టం కింద కేసు అవుతుంది.