అమెరికా బడిలో కెరీర్ రీసెర్చ్ పేపర్: కొత్తగా చేరిన విద్యార్థులకు

అమెరికాలో హైస్కూల్లోనో కమ్యూనిటీ కాలేజీలోనో చేరాక ఇంగ్లీష్ క్లాసులో తరచూ ఇచ్చే పని ఇది: ఒక ఉద్యోగం గురించి వెతికి పేపర్ రాయండి. మన దగ్గర 'నా ఆశయం' వ్యాసం రాసిన అలవాటుతో మొదలుపెడితే మార్కులు పోతాయి. అక్కడ వృత్తిని పొగిడితే సరిపోయేది. ఇక్కడ ఆ పని మీకు నప్పుతుందో లేదో ఆధారాలతో తేల్చాలి. నప్పదని తేలినా పేపరుకు నష్టమేమీ లేదు.

'మెడికల్ ఫీల్డ్', 'సాఫ్ట్‌వేర్' లాంటి టాపిక్ తీసుకోవద్దు. అంత పెద్దదానిలో ప్రతి విషయం పైపైనే మిగులుతుంది. ఒకే ఉద్యోగం పట్టుకోండి, ఫార్మసిస్ట్ అనుకుందాం. ముందుగా ఉద్యోగాల లెక్కలు తీసే అమెరికా ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ వారి ఆక్యుపేషనల్ ఔట్‌లుక్ హ్యాండ్‌బుక్ తెరవండి. సైటులో ఉచితం. చేసే పని, చదువు, జీతం, పదేళ్లలో ఆ ఉద్యోగాలు ఎంత పెరుగుతాయో తగ్గుతాయో అన్న అంచనా అన్నీ ఒక్కచోటే ఉంటాయి. రోజువారీ పనుల చిట్టా మరింత వివరంగా కావాలంటే ఓ-నెట్ ఆన్‌లైన్ (O*NET) అనే ప్రభుత్వ సైటు చూడండి.

ఎక్కువమంది తప్పులో కాలేసేది అంకెల దగ్గరే. హ్యాండ్‌బుక్‌లో ఇచ్చే జీతం మీడియన్, అంటే సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి తక్కువ. దాన్ని చేరగానే వచ్చే జీతంగా రాయకూడదు. అది దేశం మొత్తానికి చెప్పిన అంకె కూడా. టెక్సస్‌లో ఉంటే టెక్సస్ లెక్క వేరుగా తీయండి. 'ఉద్యోగాలు 20 శాతం పెరుగుతాయి' అని కనబడగానే మురిసిపోవద్దు. వెయ్యి ఉద్యోగాల్లో 20 శాతమంటే పెరిగేవి 200. పది లక్షల్లో 5 శాతమంటే 50,000. శాతం పక్కన సంఖ్య కూడా రాయండి.

చదువు సంగతి వెతికేటప్పుడు గూగుల్‌లో ఇండియాకు చెందిన పేజీలు వస్తే జాగ్రత్త. మన దగ్గర నాలుగేళ్ల బీ.ఫార్మసీ చేసి రిజిస్టర్ చేయించుకుంటే ఫార్మసిస్టే. ఇక్కడ ఫార్మ్.డీ. (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) డిగ్రీ, ఆపైన ఫార్మసిస్టుల లైసెన్స్ కోసం పెట్టే నాప్లెక్స్ పరీక్ష, రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ కావాలి. ఇండియాలో మావయ్య చెప్పిన దారిని యథాతథంగా రాసేస్తే పేపరులో ఆ భాగమంతా తప్పే.

ఆ ఉద్యోగం చేస్తున్నవాళ్లతో ఇరవై నిమిషాలు మాట్లాడితే పేపరుకు ప్రాణం వస్తుంది. కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నప్పుడు అడగకండి, ముందే ఈమెయిల్ పెట్టి టైం తీసుకోండి. 'మీ ఉద్యోగం ఇష్టమేనా?' అంటే 'ఇష్టమే' అంటారు, అక్కడితో అయిపోతుంది. 'నిన్నటి షిఫ్టులో దేనికి ఎక్కువ టైం పోయింది?' అని అడిగితే ఇన్సూరెన్స్ వాళ్లతో ఫోన్లలాంటి అసలు సంగతులు బయటకొస్తాయి. చుట్టాలనే ఇంటర్వ్యూ చేయవచ్చో లేదో టీచరును అడగండి.

నోట్సు రాసేటప్పుడే ప్రతి విషయం పక్కన ఎక్కడిదో రాసుకోండి, చివర్లో వెతుక్కుందామంటే దొరకదు. పేజీ మూసేసి, గుర్తున్నది మీ మాటల్లో రాసి, మళ్లీ తెరిచి సరిచూసుకోండి. నాలుగు మాటలు అటూ ఇటూ మార్చితే అది కాపీయే. పూర్తిగా సొంత మాటల్లో రాసినా ఆధారం పేరు చెప్పాల్సిందే. బట్టీ చదువు నుంచి వచ్చినవాళ్లకు ఇది చాదస్తంలా తోస్తుంది గానీ, ఇక్కడ సున్నా వేసేది దీనికే.

టీచరు ఎంఎల్ఏ పద్ధతి (పేపరు అమరికకు, ఆధారాలు చూపడానికి ఇంగ్లీష్ క్లాసుల్లో వాడే నియమాలు) అడిగితే 12 పాయింట్ అక్షరాలు, డబుల్ స్పేసింగ్, నాలుగు వైపులా అంగుళం మార్జిన్. ప్రతి పేజీకి పైన కుడివైపు లాస్ట్ నేమ్, పేజీ నంబరు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, పైగా కొందరి పాస్‌పోర్టులో రెండూ తారుమారై ఉంటాయి. బడి రికార్డులో లాస్ట్ నేమ్‌గా ఏది ఉందో అదే వేయండి. చివర వర్క్స్ సైటెడ్ అనే ఆధారాల జాబితా పేజీలో ఆధారాలు అక్షరక్రమంలో ఉండాలి, ఒక్కోదానికి రెండో లైను నుంచి అర అంగుళం లోపలికి జరపాలి. ఇంటర్వ్యూ కూడా అక్కడ చేరుతుంది.

గూగుల్ డాక్ లింకు ఇస్తుంటే, పంపేముందు టీచరుకు పర్మిషన్ ఇచ్చారో లేదో చూసుకోండి. తెరుచుకోని లింకును కొందరు టీచర్లు ఆలస్యంగా ఇచ్చినట్టే లెక్కేస్తారు.