మోకాలి నొప్పిని ఇటాలియన్‌లో చెప్పుకోవడం ఎలా

మా బిడ్డ కాన్పుకని ఇటలీలోని బొలోన్యా వెళ్లినప్పుడు, అక్కడ పెద్దవాళ్లు చేసే వ్యాయామం క్లాసులో నన్ను చేర్పించింది. దాన్ని 'జిన్నాస్తికా దోల్చె' అంటారు, ఒళ్లు అలవకుండా చేసేది. టీచరమ్మ మోకాళ్లు వంచమంది. నా కుడి మోకాలు పట్టేసింది. ఆ మాట చెప్పడం రాక పళ్ల బిగువున వంచాను, నాలుగు రోజులు మంచం దిగలేదు. హన్మకొండకు తిరిగొచ్చాక రోజూ పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ ఈ మాటలు నేర్చుకున్నాను. నా లెక్క పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మలకు, నాన్నలకు అక్కరకొస్తాయని రాస్తున్నాను.

ముందుగా ఒక నోట్‌బుక్ కొని మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తే తలను 'టెస్టా' అని చదువుతాం. అది 'తెస్తా'. వాళ్లు పలికేది మన త, మన ద. ఒత్తులూ మనలాగే ఉంటాయి, వాటిని మింగేయకూడదు. 'పాల్లా' అంటే బంతి, 'పాలా' అంటే పార.

అసలు వాక్యం ఇది: 'మి ఫా మాలె ఇల్ జినోక్క్యో'. 'మి' అంటే నాకు. మనం 'నాకు మోకాలు నొప్పి పెడుతోంది' అన్నట్టే వాళ్లూ 'నాకు' అనే మొదలుపెడతారు. నాకు సగం భయం అక్కడే పోయింది. మోకాలి చోట 'లా స్పాల్లా' పెడితే భుజం నొప్పి, 'లా స్కియేనా' పెడితే వీపు నొప్పి. పేరు గుర్తు రాకపోతే చెయ్యి పెట్టి చూపించి 'మి ఫా మాలె క్వి' అంటే చాలు, ఇక్కడ నొప్పి అని.

రెండు మోకాళ్లూ నొప్పిగా ఉంటే 'మి ఫాన్నో మాలె లె జినోక్క్యా'. నేను ఎక్కువ తడబడింది ఇక్కడే. ఒక్కటైతే చివర ఓ, రెండైతే ఆ. చెయ్యి 'బ్రాచ్చో', చేతులు 'బ్రాచ్చా'. వేలు 'దీతో', వేళ్లు 'దీతా'. ఇవి బట్టీ పడితే నిలవలేదు. కట్ట మీద బెంచీపై కూర్చుని, ఒక చెయ్యి పైకెత్తి 'బ్రాచ్చో', రెండోదీ ఎత్తి 'బ్రాచ్చా' అని వారం రోజులు పైకే అన్నాను. పక్కన నడిచేవాళ్లు చూస్తే చూడనివ్వండి.

టీచరు చెప్పేవి ఎక్కువ ఉండవు. 'ఆల్త్సాతె' ఎత్తండి, 'పియెగాతె' వంచండి, 'ఇన్‌స్పిరాతె' గాలి పీల్చండి, 'ఎస్పిరాతె' వదలండి. 'పియానో పియానో' అంటే అచ్చం మన మెల్లగా మెల్లగా.

ఈ రెండు మాటలు మాత్రం నిద్రలో లేపినా రావాలి. 'నోన్ చె లా ఫాచ్చో' అంటే నా వల్ల కావట్లేదు. 'సోనో స్తాంకా' అంటే అలిసిపోయాను, మగవాళ్లయితే 'స్తాంకో'. మన దగ్గర 108 ఎట్లనో అక్కడ 112 అట్ల, అదీ రాసి పెట్టుకోండి.

సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్తున్నాను. మొన్న వీడియో కాల్‌లో బిడ్డ నన్ను పరీక్ష పెట్టింది, "దోవె తి ఫా మాలె, అమ్మా?" అని. ఎక్కడ నొప్పి అని అడగడం అది. మోకాలు కెమెరాకు చూపించి మొత్తం వాక్యం ఆగకుండా చెప్పాను.