మాక్స్ వెబర్‌ని ఎక్కణ్ణుంచి మొదలెట్టాలంటే

ముందే లావు పుస్తకం పట్టుకోకండి, బుర్ర వేడెక్కిపోద్దండి బాబూ. ముందు మనిషిని చూడండి, వెబర్ సమాజం ఎలా నడుస్తుందో చదివిన సోషియాలజిస్ట్, 1864లో జర్మనీలో పుట్టాడు, లా చదివి ఎకనామిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు, 1897లో నాన్నతో పెద్ద గొడవ, కొన్నాళ్లకే ఆయన పోయాడు, తర్వాత వెబర్‌కి మానసికంగా బాగోక పాఠాలు చెప్పడమే ఆగిపోయింది. ప్రొటెస్టెంట్ క్రైస్తవుల మత నీతికీ పెట్టుబడిదారీకీ ఉన్న సంబంధం మీద రాసిన ప్రొటెస్టెంట్ ఎథిక్ వ్యాసాలు 1904-05లో, దాన్నుంచి తేరుకుంటూ రాసినవే.

ఇక ఆయన మాట అర్థం కావాలంటే, అంబాజీపేటలో తెలిసిన కొబ్బరి వ్యాపారి ఉంటే లెక్కల పుస్తకం అడిగి చూడండి. కూతురి పెళ్లి ఖర్చూ లారీ కిరాయీ ఒకే పేజీలో ఉన్నాయా? ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు విడదీసి లెక్క కట్టడం పశ్చిమ దేశాల పెట్టుబడిదారీకి ముఖ్యం అంటాడాయన, డబ్బాశ అన్నిచోట్లా ఉన్నదే కదా. మన దేశం గురించీ రాశాడు గానీ ఇక్కడికి ఎప్పుడూ రాలేదు, ఆ భాగం మాత్రం కాస్త అనుమానంగానే చదవండి.